పదకొండో కిలోమీటరు తర్వాత

నాలుగో అంతస్తు గది,
ఫిబ్రవరి 9

వదినా,

ఆరోగ్యం ఎలా ఉంది అని మొదలుపెడితే "ఆ సంగతి తర్వాత, అసలు విషయానికి రా" అంటావు. అందుకే నేరుగా వచ్చేస్తున్నాను.

అన్నయ్య పనిచేసిన డ్రైవింగ్ స్కూలు మూసేస్తున్నారట. ఓనరు ఫోన్ చేసి, "మీ అన్నయ్య వాడిన కంప్యూటరు ఒకటి ఇక్కడే ఉండిపోయిందమ్మా, పంపమంటారా, పారెయ్యమంటారా" అన్నాడు. మనిషి పోయి మూడేళ్ళయినా సామాను ఇంకా మిగిలి ఉందని నాకు తట్టలేదు. అట్టపెట్టె నిన్న వచ్చింది. కంప్యూటరుతోపాటు ఆటలకు వాడే స్టీరింగు చక్రం, మూడు పెడళ్ళు కూడా ఉన్నాయి. చక్రానికి నల్ల టేపు చుట్టి ఉంది, బొటనవేళ్ళు ఆనే చోట అరిగిపోయి.

కారు పందేల ఆటలు ఉంటాయి కదా, కారు బరువు, టైరు జారడం అన్నీ నిజంలాగే ఉండే రకం. వాటితోపాటు కంపెనీవాళ్ళు ఇచ్చే రోడ్లు కొన్నే. మిగతావి ఆడేవాళ్ళే కట్టుకుంటారట. ఎవరి మనసులో ఉన్న రోడ్డు వాళ్ళు, ఒక్కో రాయీ పేర్చుకుంటూ నెలల తరబడి తయారుచేసి, అందరికీ పంచిపెడతారు. సర్వే ఆఫీసులో నేను రోజంతా చేసే పని లాంటిదే, పైన అధికారి ఉండడు అంతే.

అన్నయ్య కూడా ఒకటి కట్టాడు వదినా. మన కొండరోడ్డు.

మొదటి మలుపు చూడగానే గుర్తుపట్టాను. మీరిద్దరూ ఆరేళ్ళు వరసగా పందెం వేసిన రోడ్డు, తను చక్రం దగ్గర, నువ్వు పక్కన నోట్సు పుస్తకంలోంచి మలుపులు చదివి చెబుతూ. ఇప్పుడు ఆ కొండే లేదు, మొత్తం తవ్వి కంకర చేసేశారు. కానీ ఈ పెట్టెలో ఉంది. మైలురాళ్ళ మీది కిలోమీటరు అంకెలతో సహా ఉంది. నేను ఆ చక్రం పట్టుకుని, బిక్కుబిక్కుమంటూ పైకి వెళ్ళాను. పదకొండు కిలోమీటర్లు. తర్వాత రోడ్డు లేదు. చాకుతో కోసినట్టు తెగిపోయింది, అవతల అంతా బూడిదరంగు శూన్యం.

మొత్తం పద్నాలుగు కదా. మిగిలిన మూడూ నేను కడతాను. నాకు నీ నోట్సు పుస్తకం కావాలి. ప్రతి మలుపుకీ నువ్వు అంకె వేసి రాసుకున్నది. కొండే లేనప్పుడు వెళ్ళి కొలవడానికి వీల్లేదు, ఆ రోడ్డు కొలతలు ఇప్పుడు నీ పుస్తకంలో తప్ప ఎక్కడా లేవు.

పంపుతావు కదూ.

నీ మరదలు


బస్ స్టేషన్, అనౌన్సరు గది,
ఫిబ్రవరి 20

స్కేలూ,

మీ అన్నయ్య పెట్టిన పేరుతో నిన్ను పిలిచేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి మానను. చిన్నప్పుడు పళ్ళెం బల్ల అంచుకి సమానంగా ఉందో లేదో స్కేలు పెట్టి చూసేదానివట. ఇప్పుడు రోడ్లు కొలుస్తానంటున్నావు, ఎదుగుదల ఉంది.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసినందుకు సంతోషం. రోజంతా మైకులో వాగి ఇంటికొచ్చాక ఫోను చెవికి పెట్టుకోవాలంటే ఒళ్ళు మండుతుంది. నిన్న ఒక పెద్దాయన నా అద్దం దగ్గరికొచ్చి, "ఏమ్మా, బస్సు రెండు గంటలు ఆలస్యమని కూడా అంత నింపాదిగా చెబితే మాకు కోపం ఎలా తెచ్చుకోవాలో తెలియడం లేదు" అన్నాడు. "నా వంతు కూడా కలిపి మీరే కోప్పడండి" అన్నాను. నవ్వుకుంటూ వెళ్ళి మళ్ళీ అదే బెంచీ మీద కూర్చున్నాడు.

ఆ పుస్తకం నా దగ్గర లేదు. ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతో కలిసి పోయింది. వెతకడం కూడా దండగ.

మీ అన్నయ్య ఏదో కాలక్షేపానికి చేసుకుని ఉంటాడు, విసుగుపుట్టి వదిలేసి ఉంటాడు. నువ్వూ వదిలెయ్. ఆఫీసులో గీసిన గీతలు చాలక ఇంట్లో కూడా ఎందుకు నీకు.

అవునూ, అయిదో కిలోమీటరు దగ్గర పిట్టగోడ కట్టాడా? దానికి మధ్యలో ఒక పగులు ఉండేది. ఊరికే అడుగుతున్నాను.

వదిన


నాలుగో అంతస్తు గది,
మార్చి 4

వదినా,

పగులుంది. దాంట్లోంచి మొలిచిన గడ్డి కూడా ఉంది. ఆ గోడకి ఆనించి పసుపుపచ్చ గొడుగు ఒకటి తెరిచి పెట్టి ఉంది. పందెం రోడ్డు మీద గొడుగేమిటో నాకు అర్థం కాలేదు. నీకేమన్నా తెలుసా?

ఇలాంటి రోడ్లు కట్టేవాళ్ళంతా కలిసి మాట్లాడుకునే చోటొకటి ఉంది, ఇంటర్నెట్‌లో. అక్కడ అన్నయ్య పేరు "పాతటైరు". తను పోయాడని వాళ్ళకి తెలియదు. నేను రాశాక ఒక్కొక్కరే వచ్చారు. టైరు జారే లెక్క పాతటైరు గారే నేర్పారు అని ఒకరు, నా రోడ్డులో వంతెన వాలు తప్పని ఓపిగ్గా మూడుసార్లు చెప్పారు అని ఒకరు. నాతో ఫోన్లో మాట్లాడితే "తిన్నావా, ఉంటాను" అనేవాడు. వీళ్ళతో పేజీలు పేజీలు మాట్లాడాడు. ఎవరో తెలియని మనుషుల దగ్గర కూర్చుని మా అన్నయ్య ఎలాంటివాడో తెలుసుకుంటున్నాను. మూడేళ్ళ క్రితం ఏడవాల్సినదేదో ఇప్పుడు ఏడుస్తున్నట్టుంది.

ఒక్క విషయం నలుగుతోంది. తను ఈ రోడ్డుని చివరిసారి ముట్టుకున్న తేదీ ఫైలులో ఉంది. అది తను పోవడానికి రెండేళ్ళ ముందుది. ఆ రెండేళ్ళలో వేరేవాళ్ళ రోడ్లన్నీ సరిచేశాడు, తన రోడ్డుకి మాత్రం ఒక్క అడుగు కలపలేదు. విసుగుపుట్టిన మనిషి పగుల్లో గడ్డి మొలిపించడు కదా వదినా.

అక్కడ "గుడ్లగూబ" అని ఒకాయన ఉన్నాడు, మంచివాడే. మిగిలిన మూడు కిలోమీటర్లూ పాత ఫోటోలు చూసి అంచనాగా తనే కడతానని, జూన్ ఆఖరుకి అందరికీ ఇచ్చేద్దామని అంటున్నాడు. అంచనాగా కట్టడం నాకు మింగుడుపడటం లేదు. అన్నయ్య కట్టిన రోడ్డు చివర ఊహ అతికించడమా?

ఇంకొకసారి వెతుకు. అటకమీద చూశావా?

నీ మరదలు


ఇల్లు,
మార్చి 19

స్కేలూ,

గొడుగు నాది. పందేనికి నెల ముందు నోట్సు రాసుకోవడానికి ఆ రోడ్డంతా నడిచేవాళ్ళం. ఒకసారి వాన ఆగాక గోడకి ఆనించి మరిచిపోయి కిలోమీటరు పైకి వెళ్ళిపోయాను. "తెస్తానుండు" అని వెనక్కి పరుగెత్తాడు. ఈలోగా గాలికి లోయలోకి కొట్టుకుపోయింది. ఒట్టి చేతులతో వచ్చి, "పోతూ పోతూ నాకు టాటా చెప్పింది" అన్నాడు. ఆ సంగతి నేనే మరిచిపోయాను. ఆయన తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టాడన్నమాట.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి పెట్టేశాను. ఇంక అడగకు. ఆఖరి పందెంలో పదకొండో కిలోమీటరు దగ్గర ఇంజనుకి పెట్రోలు అందించే పంపు చెడింది, కారు ఆగింది, అది అందరికీ తెలిసిందే. అక్కడితో మా పందేలు కూడా ఆగాయి. పై మూడు కిలోమీటర్ల గురించి నన్నడిగితే నేనేం చెప్పను? గుడ్లగూబ గారినే కట్టనివ్వు. మంచివాడంటున్నావుగా.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. గదిలో ఫ్యాను తిరిగితే మైకులో గాలి శబ్దం వస్తోందని ఆపేయించారు.

వదిన


నాలుగో అంతస్తు గది,
ఏప్రిల్ 2

వదినా,

అన్నయ్య ఆ పదకొండు కిలోమీటర్లు పుస్తకం లేకుండా ఎలా కట్టాడో తెలిసింది.

కంప్యూటరులో ఒక రికార్డు ఉంది. హెల్మెట్లలో మాట్లాడుకునే మైకుల రికార్డు, తొమ్మిదేళ్ళ క్రితం ఆ ఆఖరి పందేనిది. నీ గొంతు. "కుడి నాలుగు, ఎనభై, ఎడమ ఆరు, గుంత." ఒకటి అంటే బాగా ముడుచుకున్న మలుపు, ఆరంటే దాదాపు తిన్నన, మధ్యలో అంకెలు మీటర్లు అని చిన్నప్పుడు నువ్వే నేర్పావు నాకు. అన్నయ్య ఆ గొంతు వింటూ, ఒక్కో మాట దగ్గర ఆపి, ఆ రోడ్డు కట్టాడు. నీ గొంతు ఎంతవరకు ఉందో రోడ్డు అంతవరకే ఉంది.

"ఎడమ మూడు, వంతెన" అన్నావు. తర్వాత నువ్వు లేవు. ఇంజను ఉంది, నిండుగా, ఎక్కడా దగ్గలేదు. అన్నయ్య ఒకసారి "చదువు" అన్నాడు. కాసేపటికి మళ్ళీ, చాలా మెల్లగా, "చదువు." ఆ తర్వాత బ్రేకులు. కారు ఆగాక కూడా ఇంజను ఆడుతూనే ఉంది వదినా. తర్వాత ఎవరో తాళం తిప్పి ఆపారు.

నేను యంత్రాల మనిషిని కాను. కానీ పంపు చెడిన కారు అలా ఉండదని నాకు కూడా తెలుసు. ఆగింది నీ గొంతు.

ఏమైంది?

నీ మరదలు


ఇల్లు,
ఏప్రిల్ 21

స్కేలూ,

ఆ రికార్డు ఉందని నాకు తెలియదు. ఉత్తరం తెరిచిన రోజు పనిలోకి వెళ్ళలేదు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి గొంతు బాగాలేదని సెలవు పెట్టాను, అబద్ధం కాకుండా.

చెబుతాను. నీకు కాకపోతే ఎవరికి చెప్పుకుంటాను.

ఆ పొద్దున వరుసలో మా ముందు ఇంకా రెండు కార్లు ఉన్నాయి. మెకానిక్ బాబాయి టైర్లు తట్టి చూస్తూ, "పెద్ద జట్టులోకి వెళ్ళాక మమ్మల్ని మరిచిపోకండమ్మా" అన్నాడు.

"ఏ జట్టు?" అన్నాను.

"అదే, సారు మొన్న ఒప్పుకున్నారుగా. వచ్చే నెలనుంచి." నా మొహం చూశాక ఆయన మాట నత్తినత్తిగా అయింది. "వాళ్ళకి పక్కన చదివే మనిషి ముందే ఉన్నాడట. మీకు చెప్పే ఉంటారనుకున్నాను."

మీ అన్నయ్య అప్పటికే లోపల కూర్చుని బెల్టు బిగించుకుంటున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. హెల్మెట్ పెట్టుకున్నాను. జెండా మనిషి వేళ్ళు ముడుస్తున్నాడు, అయిదు, నాలుగు. అడగడానికి టైము లేదు, ఉన్నా అడిగేదాన్ని కాదు.

పదకొండు కిలోమీటర్లు చదివాను. నువ్వు విన్నావుగా, గొంతులో ఏమీ తెలియదు. అది నా విద్య. వంతెన దాటాక కొండ అడ్డం వస్తుంది, రోడ్డు ఎటు తిరుగుతుందో కళ్ళకి కనపడదు. అక్కడ ఆయనకి రోడ్డంటే నా మాటే. వంతెన మీదికి వచ్చాం. నేను పుస్తకం మూసేశాను.

నేను లేకుండా తోలడం ఎలా ఉంటుందో ఆయనకి తెలియాలి అనుకున్నాను. అంతే, అంతకుమించి ఏమీ అనుకోలేదు. ఇద్దరం లోయలో పడేవాళ్ళం. ఆ సంగతి తెలిసే నోరు మూశాను, అది నీకు దాచను.

కారు గోడకి జానెడు దూరంలో ఆగింది. ఆయన చాలాసేపు చక్రం మీంచి చేతులు తీయలేదు. దిగి, కింది నుంచి బాబాయి జీపులో రాగానే, "పంపు" అన్నాడు. నావైపు చూడలేదు. పెద్ద జట్టుకి వెళ్ళలేదు. కారు ఇచ్చేసి డ్రైవింగ్ స్కూల్లో చేరాడు. ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు, ఎందుకు ఆపావని ఆయన అడగలేదు. ఆ తర్వాత ఆరేళ్ళు బాగానే బతికాం. నవ్వుకున్నాం, పోట్లాడుకున్నాం, ఇంటికి రంగులు వేయించుకున్నాం. కానీ ఆ ఆరేళ్ళలో ఏదీ నన్ను చదవమని అడగలేదు. పేపరు కాదు, మందుసీసా మీద చీటీ కాదు. కళ్ళజోడు కనపడకపోతే ఇల్లంతా వెతుక్కునేవాడే తప్ప, పక్కనే కూర్చున్న నాకు ఇచ్చేవాడు కాదు. అడిగితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. నా అంతట నేను తీసుకుని చదవచ్చుగా అని నువ్వంటావు. నోరు రాలేదు.

రోజూ వందలమంది కోసం చదువుతున్నాను స్కేలూ. అందులో ఒక్కరూ ఆయన కాదు.

వదిన


నాలుగో అంతస్తు,
మే 1

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది.

మెకానిక్ బాబాయి పంపు సరిగ్గా బిగించలేదని తొమ్మిదేళ్ళుగా నమ్మాను. ఆయన చేతిలో పెట్టిన కారు ఆగిపోతుందని పేరు పడి, పందేల పని ఆయన దగ్గరికి రావడం మానేసింది. అన్నయ్య పోయిన రోజున వచ్చి గుమ్మంలో నిలబడితే నేను మొహం తిప్పుకున్నాను. మీరు అక్కడే ఉన్నారు, చూశారు.

మీ ఇద్దరి మధ్య సంగతిలో తీర్పు చెప్పడానికి నేనెవరిని. కానీ ఆయనకి మాత్రం మీరే వెళ్ళి చెప్పాలి.

ఇట్లు,
మీ ఆడపడుచు


ఇల్లు,
మే 17

అమ్మాయికి,

"మీరు" అని రాశావు. రాయాల్సిందే.

ఆదివారం వెళ్ళాను. షెడ్డు అదే. ఇప్పుడు కార్లు లేవు, నీళ్ళ మోటార్లు బాగుచేస్తున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని స్టూలు వేశాడు. కూర్చోకుండానే చెప్పేశాను, మొత్తం.

ఆయన విని, ఒక మోటారు మూత తీసి పక్కన పెట్టి, "ఆ సాయంత్రమే పంపు విప్పి చూశానమ్మా. శుభ్రంగా ఉంది" అన్నాడు.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"సారు నా చెయ్యి పట్టుకుని పంపు అన్నారు. అంత పట్టుగా ఎప్పుడూ పట్టుకోలేదు. ఇంక నేనేం చెప్పను." మోటారు మూత మళ్ళీ చేతిలోకి తీసుకుని, "అయినా తప్పు నా నోటిది. ఆ టైములో ఆ మాట అనకుండా ఉంటే మీరు పైదాకా వెళ్ళేవారు. ఇన్నేళ్ళూ నేనదే అనుకుంటున్నాను" అన్నాడు.

ఆ స్టూలు మీద కూర్చుండిపోయాను. టీ తెప్పించాడు. పంపు బాగానే ఉందని ఆయన చుట్టుపక్కల పనివాళ్ళ ముందు నా చేత ఇంకోసారి చెప్పించుకోమన్నాను. "వద్దమ్మా" అన్నాడు. నేనే చెప్పాను, అందరినీ పిలిచి. మైకు లేకుండా అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. చిన్నమ్మాయి మీద కోపం లేదని నీకు చెప్పమన్నాడు.

ఇంకో అబద్ధం కూడా ఒప్పుకోవాలి. పుస్తకం పోలేదు. ఆ రోజు మూసినది మూసినట్టే బీరువాలో ఉంది. కానీ పంపలేను. నేను ఎక్కడ ఆగానో ఆయన సరిగ్గా అక్కడే రోడ్డు ఆపాడు. ఆరేళ్ళు నోటితో అననిది అలా అన్నాడు. అది ఆయన నాకిచ్చిన జవాబు. దాని మీద మనం తారు పొయ్యకూడదు.

వదిన


నాలుగో అంతస్తు గది,
జూన్ 6

వదినా,

ముందు ఇది చదువు. మిగతాది తర్వాత.

గుడ్లగూబ గారికి జరిగింది చెప్పకుండా, ఆ మూడు కిలోమీటర్లూ వదిలేద్దామని మాత్రం రాశాను. ఆయన, "మీ అన్నగారు కూడా నాతో అదే అన్నారు, ఆయనే పోయాక ఇంక కట్టేవాళ్ళు లేరనుకుని నేను పూనుకున్నాను" అని ఒక పాత సందేశం తవ్వి పంపాడు. వాళ్ళిద్దరూ విడిగా మాట్లాడుకున్నదట, అందుకే నాకు కనపడలేదు. అన్నయ్య పోవడానికి రెండు నెలల ముందుది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"వద్దండీ, మీరు కట్టకండి. ఆ మూడు కిలోమీటర్లూ రాసిన మనిషి మా ఇంట్లోనే ఉంది. ఒకసారి చదవమని అడిగాను, అడిగే అర్హత పోగొట్టుకున్న రోజున. తను ఆపడంలో తప్పు లేదు. మళ్ళీ అడగాలని రోజూ అనుకుంటూనే ఉన్నాను, ధైర్యం చాలడం లేదు. తను చదివిన రోజు కడతాను. అప్పటిదాకా రోడ్డు అక్కడే ఆగి ఉండనివ్వండి."

అది జవాబు కాదు వదినా. ఆయన అక్కడ కూర్చుని నీ కోసం చూస్తున్నాడు.

మే నెల ఉత్తరంలో నిన్ను "మీరు" అన్నందుకు సిగ్గుగా ఉంది. అయినా కోపం మొత్తం పోయిందని చెప్పను, కొంచెం ఉంది. దాన్ని ఉండనివ్వు, నీ మీద ప్రేమ పక్కన దానికి చోటుంది. బాబాయికి నేనూ ఉత్తరం రాశాను.

పుస్తకం పంపమని ఇప్పుడు అడగను. పంపాలో వద్దో నీకే తెలుస్తుంది.

నీ స్కేలు


బస్ స్టేషన్, అనౌన్సరు గది,
జూన్ 18

స్కేలూ,

దీంతో పాటు పుస్తకం ఉంది. జాగ్రత్త, అట్ట ఊడుతోంది. చిన్న కవరులో మెమరీ కార్డు ఉంది. పద్నాలుగు కిలోమీటర్లూ చదివాను. పొద్దున పని మొదలవక ముందే వచ్చి ఇక్కడే రికార్డు చేశాను, ఈ గదిలో అయితే నా గొంతు మాట వింటుంది. బయటికి వినిపించే ఎర్ర బొత్తాం నొక్కలేదులే, లేకపోతే జనం కుడి మూడు, ఎడమ రెండు అంటూ ప్లాట్‌ఫారాలు వెతుక్కునేవారు.

వంతెన దాకా కళ్ళు మూసుకుని చదవగలిగాను. ఆ తర్వాతి పేజీ తిప్పడానికి చాలా టైము పట్టింది.

పదమూడో కిలోమీటరులో మలుపులు ఒకదాని మీద ఒకటి వస్తాయి, ఊపిరి తిప్పుకునే సందు ఉండదు. ఆ పేజీ మధ్యలో, నా అక్షరాల పక్కన, పెన్సిలుతో ఆయన రాత ఉంది. "ఇక్కడ ఊపిరి తీసుకో. నేను చూసుకుంటాను." పందెం ముందురోజు రాత్రి పుస్తకం ఆయన దగ్గరే ఉంది, అప్పుడే రాసి ఉంటాడు. ముందురోజు, అంటే జట్టుకి ఒప్పుకున్న తర్వాత. మనిషిని ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలియడం లేదు. నేనా పేజీకి ఎప్పుడూ రాలేదు కదా. తొమ్మిదేళ్ళు అది అక్కడే ఉంది.

ఆయన చెప్పిన చోట ఊపిరి తీసుకున్నాను. రికార్డులో తెలుస్తుంది. దాన్ని కత్తిరించకు.

వదిన


నాలుగో అంతస్తు గది,
ఆగస్టు 30

వదినా,

అయిపోయింది. నిన్న అందరికీ ఇచ్చేశాం.

ఆఫీసునుంచి రాగానే చక్రం పక్కకి జరిపి, నీ పుస్తకం తెరిచి, రోజుకి వంద మీటర్లు కట్టాను. పన్నెండో కిలోమీటరు ఎత్తు తేలక మూడు వారాలు కొట్టుకున్నాను. బాబాయి వచ్చాడు, రెండు బస్సులు మారి. నా పక్కన కూర్చుని తెర మీద వేలు పెట్టి, "ఇక్కడ నీళ్ళు రోడ్డుకి అడ్డంగా పారేవి, అంటే వాలు ఎడమకి" అన్నాడు. అంతే, తేలిపోయింది. నేను ఆయన్ని క్షమించమని అడగబోతే ఇంకో తప్పు పట్టుకున్నాడు, గోడకి సున్నం వెయ్యలేదని. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, "ఈసారి నావైపు చూశావులే" అన్నాడు. ఇద్దరం నవ్వాం.

రోడ్డు పేరు పక్కన కట్టినవారు అన్నచోట "పాతటైరు" అని పెట్టాను, చదివినవారు అన్నచోట "ఆయన ఇంట్లోని మనిషి" అని పెట్టాను. నీకు కోపం వస్తే మారుస్తాను.

ఒక్క రోజులోనే ఎక్కడెక్కడి వాళ్ళో తోలారు. భాష రానివాళ్ళు కూడా అంకెలు నేర్చుకుని నీ గొంతు పెట్టుకుని తోలుతున్నారట. పదమూడో కిలోమీటరు దగ్గర ఆ గొంతు ఊపిరి తీసుకుంటుంది, మేం కూడా తెలియకుండానే కాలు తేలిక చేస్తున్నాం, అలా ఎందుకు పెట్టారు అని ఒకామె అడిగింది. నేనింకా ఏమీ రాయలేదు.

నేను తోలినప్పుడు మాత్రం ఎనిమిదిసార్లు లోయలో పడ్డాను. వంతెన దాటగానే ప్రతిసారీ పెడల్ మీంచి కాలు తీసేస్తాను, కారు జారిపోతుంది. నీ గొంతు చెబుతూనే ఉంటుంది, సరిగ్గా చెబుతుంది, అయినా నాకు భయం. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా పైకి చేరలేదు. కట్టినదాన్ని నేను, పై చివర ఎలా ఉంటుందో తోలి చూడలేదు.

రాకూడదూ ఒకసారి?

నీ స్కేలు


బస్ స్టేషన్, అనౌన్సరు గది,
సెప్టెంబరు 8

స్కేలూ,

ఆ పేరు మార్చకు. బాగుంది.

ఊపిరి సంగతి అడిగినామెకి ఏమీ చెప్పకు. చెప్పకపోయినా కాలు తేలిక చేస్తోందిగా, అది చాలు.

నువ్వు లోయలో పడుతున్నది నా గొంతు తప్పు వల్లే. రికార్డు చేసిన గొంతుకి తోలే మనిషి కనపడదు. నువ్వు బెదిరితే అది ఆగదు, నువ్వు తొందరపడితే అది ముందుకి రాదు. నేను ఆయన చేతులు చూసి చదివేదాన్ని. చక్రం మీద వేళ్ళు బిగిస్తే ఒక మాట ముందే అనేదాన్ని, వదులైతే కాస్త ఆగేదాన్ని. పుస్తకంలో ఉన్నది సగమే.

శని ఆదివారాలు సెలవు పెట్టాను. నా బదులు కొత్తమ్మాయి చదువుతుంది, కొంచెం గబగబా చదువుతుంది గానీ బస్సులు వెళతాయి. శనివారం మధ్యాహ్నానికి నీ దగ్గర ఉంటాను.

నీ కుర్చీకి ఎడమపక్క ఇంకో కుర్చీ వెయ్యి. పుస్తకం దాని మీద ఉంచు. నేను కూర్చున్నాక నావైపు తిరిగి ఏమీ మాట్లాడకు, తెర వైపే చూడు. వేగం సంగతి వదిలెయ్, ఎంత నెమ్మదిగా వెళ్ళినా నాకు పరవాలేదు. వంతెన దాటాక ఏమీ కనపడదు. అక్కడ కాలు తీసెయ్యకు.

చదువుతూనే ఉంటాను.

వదిన